అక్వేరియం పగడాలకు సజీవ ప్లవకాల మేత: ఎంత, ఎప్పుడు, ఎలా

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ పత్రిక ఆదివారం సంచికలో ఇంటి సముద్రపు అక్వేరియంల గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. చాలా మటుకు సమాచారం బాగుంది. కానీ పగడాలు చురుగ్గా పెరగాలంటే దుకాణంలో దొరికే సజీవ ప్లవకాల (నీటిలో తేలుతూ కొట్టుకుపోయే సూక్ష్మజీవుల) సీసాను రోజూ కొంత తొట్టిలో ఒంపితే చాలునని, కాస్త ఎక్కువైనా నష్టమేమీ లేదని రాసిన భాగం దగ్గర మాత్రం ఆగిపోయాను. కాకినాడకూ తునికీ మధ్య తీరంలోని రొయ్య పిల్లలను పొదిగించి పెంచే హేచరీల్లో, ఆల్గే (నాచు జాతి సూక్ష్మ శైవలాలను పెంచే) సెక్షన్‌లో ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి. ఇప్పుడు ఏడాదిలో కొన్ని నెలలు టెక్సాస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటూ, అతని పగడాల తొట్టికి మేత సిద్ధం చేసే పని నెత్తిన వేసుకున్నాను. రొయ్య పిల్లకు హేచరీలో పెట్టే మేతా, తొట్టిలో పగడానికి పెట్టే మేతా దాదాపు ఒకే జీవులు కాబట్టి, ఆ సలహాను అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో వివరంగా రాయడం అవసరమనిపించింది. సజీవ మేత పగడాలకు మేలు చేస్తుందనడంలో నాకు సందేహం లేదు. అయితే అది పగడం నోటికి తగిన సైజులో, తాజాగా, చీకటి పడ్డాక, తొట్టి నీరు తట్టుకోగలిగినంత మేరకే అందాలి.

పగడం జంతువు. దాని కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు వెలుతురులో చక్కెరలు తయారుచేసి, వాటిలో అధిక భాగాన్ని పగడానికి ఇస్తాయి. ఆ చక్కెరలతో రోజు గడుస్తుంది గానీ, కొత్త కణజాలం కట్టుకోవడానికి కావలసిన నత్రజని, భాస్వరం వాటిలో లేవు. అందుకే పగడం వేటాడుతుంది. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త సి.ఎం. యోంగ్ నాయకత్వంలో 1928–29లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌కు వెళ్లిన పరిశోధక బృందం, లో ఐల్స్ దీవుల్లో మకాం వేసి, పగడాలు జంతుప్లవకాలను (ప్లవకాల్లోని బుల్లి జంతువులను) పట్టి తినే తీరును శ్రద్ధగా పరిశీలించింది. ఆ తరవాత ఎన్నో ఏళ్లకు మొనాకో శాస్త్ర కేంద్రంలో స్టైలోఫోరా పిస్టిలాటా అనే పగడం మీద జరిపిన ప్రయోగాల్లో, జంతుప్లవకాలు తిన్న పగడాలకు కణజాలమూ, కింద కట్టుకునే సున్నపు అస్థిపంజరమూ రెండూ మెరుగ్గా పెరిగాయని తేలింది. ఆరోగ్యంగా ఉన్న పగడాలు తమ రోజువారీ అవసరాల్లో 15 నుంచి 35 శాతం వరకు ఇలా తిండి ద్వారా తీర్చుకుంటాయని 2009లో వెలువడిన ఒక సమీక్షా పత్రం లెక్కకట్టింది. సముద్రం వేడెక్కి, లోపలి శైవలాలు పోయి తెల్లబారిన పగడాల సంగతి మరీ ఆసక్తికరం. హవాయి తీరంలోని మోంటిపోరా కాపిటాటా జాతి అలాంటి సమయంలో తిండి పెంచుకుని, కావలసిన శక్తినంతా వేట మీదే సంపాదించుకుందని, పక్కనే ఉన్న పోరైటీస్ జాతులు అలా చేయలేకపోయాయని 2006లో పరిశోధకులు ప్రకటించారు. కాబట్టి మేత విషయంలో పగడాలన్నిటినీ ఒకే గాటన కట్టడానికి వీల్లేదు.

ఇక సీసాల విషయం. ‘సజీవ ప్లవకాలు’ అని అమ్మే సీసాల్లో ఎక్కువ వాటిలో ఉండేది ఆకుపచ్చటి నీరు, అంటే వృక్షప్లవకాలు. సాధారణంగా అది నానోక్లోరాప్సిస్. దాని కణం సుమారు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అక్రోపోరా, యూఫిలియా వంటి రాతి పగడాలు ప్రధానంగా పట్టి తినేది కదిలే జంతుప్లవకాలను. అతి సూక్ష్మ కణాలను కూడా కొంత మేరకు తీసుకోగలవని పరిశోధనలు చూపినా, ఆకుపచ్చ నీరే వాటికి కడుపు నింపుతుందనుకోవడం పొరపాటు. దీనికి మినహాయింపులు లేకపోలేదు. ఎర్ర సముద్రంలోని డెండ్రోనెఫ్తియా అనే మృదు పగడానికి తనలో శైవలాలుండవు. అది ముఖ్యంగా వృక్షప్లవకాల మీదే బతుకుతుందని 1995లో తెలిసినప్పుడు శాస్త్రజ్ఞులే ఆశ్చర్యపోయారు. అంత అందమైన పగడాన్ని ఇంటి తొట్టిలో నిలబెట్టడం ఎంతటి అనుభవజ్ఞులకైనా కష్టం కావడానికి కారణమూ అదే: ఎడతెగకుండా మేత ఇస్తూనే నీటిని శుభ్రంగా ఉంచాలి. మామూలు తొట్టిలో ఆకుపచ్చ నీటి వల్ల అసలు లాభం పొందేవి కోపిపాడ్లు, రోటిఫర్లు అనే సూక్ష్మ జంతుప్లవకాలు, గొట్టపు పురుగులు, ఆల్చిప్పలు. ఆ కోపిపాడ్లు పిల్లలు పెడితే, ఆ పిల్లలు పగడాలకు మేత అవుతాయి. మేత గొలుసులో ఒక మెట్టు దాటి వచ్చే ఈ లాభాన్ని సీసా మీది చీటీ చెప్పదు.

పగడం నోరు ఎంత, మేత ఎంత అన్నది తరవాతి ప్రశ్న. అక్రోపోరా పాలిప్ (పగడం గుంపులో నోరున్న ఒక్కో చిన్న జీవి) వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. రోటిఫర్ రకాన్ని బట్టి సుమారు 100 నుంచి 340 మైక్రాన్లు ఉంటుంది. ఆర్టీమియా అనే రొయ్యలాంటి బుల్లి ఉప్పునీటి జీవికి కొత్తగా పొదిగిన పిల్ల, అంటే నాప్లి, 400 నుంచి 500 మైక్రాన్లు. చిన్న పాలిప్‌లున్న వాటికి రోటిఫర్లూ, కోపిపాడ్ పిల్లలూ సరిపోతాయి. ట్యూబాస్ట్రియా వంటి పెద్ద నోటి పగడాలకు ఆర్టీమియా నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. పైగా ట్యూబాస్ట్రియాలో శైవలాలు లేవు కాబట్టి దాన్ని పెంచేవారు ప్రతి పాలిప్‌కూ తిండి అందిందో లేదో చూసుకోవలసి ఉంటుంది.

ఆర్టీమియా గురించి కొంచెం విస్తారంగా రాయడానికి పత్రిక అనుమతిస్తుందని ఆశిస్తాను. నాకు బాగా తెలిసిన జీవి అది, ఇంట్లో ఎక్కువ మంది మొదలుపెట్టేదీ దానితోనే. 1930లలోనే అమెరికా, నార్వే దేశాల్లో చేప పిల్లల మేతగా దీన్ని వాడి చూశారు. ప్రపంచమంతటా వాడే సిస్టుల్లో (ఎండి నిద్రాణంగా ఉన్న గుడ్లలో) పెద్ద భాగం అమెరికాలోని యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తుంది. మన తీరంలో వనామి రొయ్య పిల్లలు మైసిస్ అనే లార్వా దశకు వచ్చేసరికి ఆ డబ్బాలు తెరవని హేచరీ ఉండదు. అడుగు శంఖువులా సన్నబడే పాత్రలో, లీటరుకు 25 గ్రాముల ఉప్పుండే నీటిని 28 డిగ్రీల వేడిలో ఉంచి, అడుగు నుంచి గాలి బలంగా వదులుతూ, పైన దీపం పెడితే 18 నుంచి 24 గంటల్లో పిల్లలు వస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి. పొదగని సిస్టులు అడుగుకు చేరతాయి. వాటికి కాస్త పైన, వెలుతురు పెట్టిన చోట, నాప్లి నారింజ రంగు మబ్బులా కూడుకుంటాయి. సన్నటి గొట్టంతో ఆ మబ్బును మాత్రమే లాగి, 100 మైక్రాన్ల వలలో పట్టి, మంచినీటితో బాగా కడగాలి. పొదిగిన నీటిని పెంకులతో సహా తొట్టిలో పోయకూడదన్న నియమం హేచరీలో చేరిన కుర్రాడికి మొదటి రోజే చెబుతారు. పెంకులు నోట్లో, పేగులో అడ్డుపడతాయి. పొదిగిన నీటిలో బాక్టీరియా విపరీతంగా ఉంటుంది. సరిగా కడగని ఆర్టీమియాతో హైడ్రాయిడ్లు అనే కుట్టే చిన్న జీవులు తొట్టిలోకి చేరితే వదిలించుకోవడం గగనం.

నాప్లి పొట్టలో పచ్చసొన అనే సద్దిమూటతో పుడుతుంది. పొదిగిన ఎనిమిది గంటల వరకు దానికి నోరు తెరుచుకోదు, ఆ మూటనే కరిగించుకుంటుంది. ఏమీ పెట్టకుండా ఒక రోజంతా ఉంచితే దాని శక్తిలో దాదాపు నాలుగో వంతు తరిగిపోతుంది. ఈత మాత్రం అలాగే ఈదుతుంది కాబట్టి పైకి చూసేవారికి తేడా తెలియదు. అందుకే రెండే మార్గాలు: పొదిగిన వెంటనే పెట్టడం, లేదా నోరు తెరుచుకున్నాక కొన్ని గంటలు ఐసోక్రైసిస్ వంటి శైవలం గానీ, చేపనూనె మిశ్రమం గానీ తినిపించి పెట్టడం. మిగిలిన వాటిని బాగా చల్లబరిచి, సన్నగా గాలి వదులుతూ ఫ్రిజ్‌లో ఉంచితే ఒక రోజు వరకు పెద్దగా నీరసించవు. కోపిపాడ్లలో కొవ్వు ఆమ్లాలు సహజంగానే ఎక్కువ కాబట్టి వాటికి ఈ తిప్పలు తక్కువ. తెలిసినవారు వాటిని ఎక్కువగా ఇష్టపడడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వస్తాను. నాణ్యమైన సిస్టులు ఒక గ్రాము తీసుకుంటే రెండు లక్షలకు పైగా నాప్లి వస్తాయి. హేచరీలో కిలోల్లో తూచిన చేతికి ఒక గ్రాము చిటికెడే. 300 లీటర్ల ఇంటి తొట్టికి అదే అతిగా ఉంటుంది. ఆ రెండు లక్షల నాప్లి పొడి బరువు సుమారు అర గ్రాము. అందులో భాస్వరం ఒక శాతం అనుకుంటే ఐదు మిల్లీగ్రాములు. ఫాస్ఫేట్ రూపంలో లెక్కిస్తే పదిహేను. 300 లీటర్ల నీటిలో అది లీటరుకు 0.05 మిల్లీగ్రాము. చాలామంది పెంపకందార్లు తమ తొట్టిలో ఫాస్ఫేట్‌ను 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాము మధ్య ఉంచుకోవడానికి నానా అవస్థలు పడుతుంటారు. రోజూ ఒక గ్రాము సిస్టుల మేత పెట్టి, బయటికి తీయడానికి ఏర్పాటు లేకపోతే వారం తిరిగేసరికి పరిస్థితి ఎక్కడికి పోతుందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. పగడాలూ, చేపలూ తిన్నదాంట్లో కొంత శరీరాల్లోనే నిలుస్తుందన్నది నిజమే. తినకుండా చచ్చిన మేతా, తిన్నవి విసర్జించినదీ నీటిలోనే ఉంటాయి. ఫాస్ఫేట్ మితిమీరితే పగడం సున్నపు అస్థిపంజరం కట్టుకునే పని మందగిస్తుంది, రాళ్ల మీద నాచు పేరుకుంటుంది. పెంచాలని పెట్టిన మేతే పెరుగుదలకు అడ్డం వస్తుందన్నమాట. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు దిగిపోయినా మంచిది కాదు; అలాంటి తొట్టిలో గోధుమరంగు జిగటలా డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు అలుముకోవడం చూశాను. మేత వేసే ముందూ, వేయడం మొదలుపెట్టాక వారానికొకసారీ నీటిని పరీక్షించి, ఆ అంకెలను బట్టి మేతను పెంచుకోవాలి లేదా తగ్గించుకోవాలి. నురుగుతో మురికిని లాగే స్కిమ్మరూ, నీటి మార్పిడీ, శైవలాలు పెంచే పక్క తొట్టీ ఎంత లాగగలవో అంతే మేత. ఈ ఒక్క వాక్యం ఆ వ్యాసంలో ఉండి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాను.

వేళ గురించి కూడా చెప్పాలి. పగడపు దిబ్బల మీద సందుగొందుల్లో పగలంతా దాక్కున్న జంతుప్లవకాలు పొద్దుగూకాక పైకి లేస్తాయి. చాలా పగడాలు అప్పుడే స్పర్శకాలను (నోటి చుట్టూ ఉండే సన్నటి చేతులను) బయటికి చాస్తాయి. దీపాలు ఆరిపోయిన గంట తరవాత ఎర్రటి టార్చి వెలుతురులో చూస్తే ఈ పని కళ్లారా కనిపిస్తుంది. కొట్టుకుంటూ వచ్చిన నాప్లి స్పర్శకానికి తగలగానే ఒక్కసారి కొట్టుకుని ఆగిపోతుంది. కుట్టే కణాలు దాన్ని పట్టేశాయన్నమాట. ఆ స్పర్శకం మెల్లగా వంగి దాన్ని నోటి దగ్గరకు చేరుస్తుంది, నోరు కొద్దిగా తెరుచుకుని మింగుతుంది. ప్రవాహం మరీ వేగంగా ఉంటే పట్టుకున్నది కూడా జారిపోతుంది. బొత్తిగా లేకపోతే మేత పాలిప్‌ల దాకా రానే రాదు. మేత వేసేటప్పుడు స్కిమ్మర్‌నూ, నీటిని శుద్ధి చేసే అతినీలలోహిత దీపాన్నీ అరగంటో గంటో ఆపి, నీటిని కదిలించే పంపులను తక్కువ వేగంలో ఉంచడం మేలు. ఆ తరవాత స్కిమ్మర్‌ను మళ్లీ వేయడం మరిచిపోతే తెల్లారేసరికి చేపలు పైకొచ్చి గాలి కోసం నోరు తెరుస్తూ కనిపిస్తాయి, కాబట్టి ఒక టైమర్ పెట్టుకోవడం మంచిది.

సొంతంగా పెంచుకోదలచినవారికి ముఖ్యమైన సూచన ఒకటుంది: ఆకుపచ్చ నీటినీ, దాన్ని తినే జీవులనూ ఒకే చోట పెంచవద్దు. హేచరీల్లో ఆల్గే గదికీ ఆర్టీమియా గదికీ మధ్య తలుపులు, విడివిడి వలలు, విడివిడి గాలి గొట్టాలు ఉండేది ఊరికే కాదు. తడి చేతి మీద అంటుకుని ఒక్క రోటిఫర్ ఆకుపచ్చ నీటిలో పడితే చాలు. ఆడ రోటిఫర్‌కు పిల్లలు పెట్టడానికి మగదాని అవసరం లేదు. వారం పది రోజుల్లో ఆ నీరు తేటపడిపోతుంది. ఇంటి మటుకు పద్ధతి ఏమిటంటే, రోజూ ముందు శైవలాల పని చూసుకుని, ఆఖరున జంతుప్లవకాల పని చేయడం. గాలి గొట్టాలను వేడినీటితో కడిగి ఆరబెట్టాలి. ఒకే సీసా మీద ఆధారపడకుండా, మూల విత్తనాన్ని రెండు మూడు చిన్న సీసాల్లో వేరే గదిలో దాచుకోవాలి. కొన్న ఆకుపచ్చ సీసాను ఫ్రిజ్‌లో పెట్టి రోజూ ఒకసారి కదపాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే మారు మాట లేకుండా పారేయాలి. చచ్చిన కణాలతో నిండిన సీసాను ‘ఖరీదు పెట్టాం కదా’ అని తొట్టిలో ఒంపడం నేను చూసిన పొదుపుల్లోకెల్లా ఖరీదైన పొదుపు. రోటిఫర్ల చరిత్ర కూడా చిత్రమైనది. జపాన్‌లో ఈల్ చేపల చెరువుల్లో మొదట దాన్ని పీడగా చూశారు. 1960 ప్రాంతంలో అదే సముద్రపు చేప పిల్లలకు అద్భుతమైన తొలి మేత అని అక్కడే గుర్తించారు. ఈనాడు క్లౌన్ చేపను ఇంట్లో గుడ్లు పెట్టించి పిల్లలను బతికించుకోవాలంటే రోటిఫర్ల పెంపకం రాక తప్పదు.

సముద్ర తీరంలో ఉన్నవారికి ఒక ఆశ కలగడం సహజం: డబ్బు పెట్టి కొనడమెందుకు, వల లాగి ప్లవకాలు పట్టుకొస్తే సరిపోదా అని. లీ చిన్ ఎంగ్ అనే ఇండోనేషియా పెంపకందారు సముద్రపు రాళ్లూ, సముద్రపు నీటితోనే తొట్టెలు నడిపి 1961లో ఆ పద్ధతిని అమెరికా పాఠకులకు పరిచయం చేసినప్పుడు ఎందరికో అదే ఆలోచన వచ్చింది. శుభ్రమైన దిబ్బ పక్కన ఉన్నవారికి అది చెల్లింది. మన తీరం సంగతి వేరు. గోదావరి, కృష్ణా తెచ్చే ఒండ్రు, మంచినీరు వల్ల ఇక్కడ పగడపు దిబ్బలు పెరగలేదు. నీటి ఉప్పదనం వర్షాకాలంలో పడిపోతుంది. పైగా చెరువులూ, హేచరీలూ వదిలే నీరంతా ఆ తీరంలోకే వస్తుంది. తెల్లమచ్చ వైరస్ ఈ తీరంలో ఎన్ని చెరువులను తుడిచిపెట్టిందో రొయ్యల రైతులను అడిగితే చెబుతారు. ఆ నీటి నుంచి పట్టిన ప్లవకాల్లో ఏముందో కంటితో చూసి చెప్పలేం. అంతకంటే రివర్సు దిశలో జరిగే హాని పెద్దది: విదేశీ జీవులున్న తొట్టి నీటిని, రాళ్లను కాలువలోనో, సముద్రంలోనో పారబోయకూడదు. మార్చిన నీటిని బ్లీచింగ్ చేసి మురుగులోకి వదలాలి.

చివరిగా, మీ వ్యాసంలో బొత్తిగా ప్రస్తావనకు రాని చట్టం గురించి. పగడాల గురించి నేను పైన రాసిన అనుభవమంతా టెక్సాస్‌లోది. అక్కడ నర్సరీల్లో ముక్కల నుంచి పెంచిన పగడాలను దుకాణాల్లో బాహాటంగా కొనుక్కోవచ్చు. మన దేశంలో 2001లో కేంద్ర ప్రభుత్వం దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, వాటితో పాటు నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉందని అర్థం. మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో తెచ్చామని చెప్పి ఎవరైనా హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో రాతి పగడం అమ్మజూపితే, కొన్నవారు కూడా నేరంలో భాగస్వాములవుతారు. 2022 నాటి సవరణతో వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం (సైటీస్)లోని విదేశీ జాతుల మీద కూడా చట్టం పట్టు బిగిసింది. ఏది అనుమతించదగినదో దుకాణదారు మాట మీద నమ్మకుండా, అటవీ శాఖను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం క్షేమం. అభిరుచి ఉన్న మన పాఠకులకు క్లౌన్ చేపల పెంపకం చక్కటి దారి. వాటి పిల్లల ఉత్పత్తి పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే అభివృద్ధి చేసింది. ఆ సంస్థకు విశాఖపట్నంలోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది. సజీవ మేత నేర్చుకోవాలనుకునేవారు అక్కడ మొదలుపెట్టవచ్చు, లేదా దగ్గర్లోని ఏ హేచరీ ఆల్గే సెక్షన్‌లోనైనా ఒక పూట నిలబడి చూడవచ్చు.

ఈ విషయం మీద మీరు మళ్లీ వ్యాసం వేసేటట్లయితే, పగడాల చట్టం వివరాలను మొదటి పేరాలోనే ఇవ్వవలసిందిగా, మేత మోతాదును తొట్టి లీటర్ల లెక్కలో సూచించవలసిందిగా సవినయంగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత హేచరీ ఉద్యోగి,
కాకినాడ జిల్లా